మూడు లింగాల 'బొనుస్' గారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నపుంసక లింగంలో ఉంటే ఆ హోదాలోనే,

లాటిన్‌లో 'మంచి' అనే విశేషణానికి ఉత్తరం రాయాలంటే సంబోధన దగ్గరే టెన్షన్. పుంలింగంలో మీరు బొనుస్, స్త్రీలింగంలో బొన, నపుంసకంలో బొనుమ్. మగవాడిగా కేకేసి పిలవాలంటే మళ్లీ 'బొనె' అనాలట. మా 'మంచి'కి ఇన్ని వేషాలు లేవు. మంచి కుర్రాడు, మంచి పిల్ల, మంచి రోజులు, ఎవరి పక్కన నిలబెట్టినా అదే ముఖం. మీరేమో పక్కనున్న నామవాచకం లింగం, వచనం, విభక్తి ఆరా తీసిగానీ గడప దాటరు.

పోనీ ప్రాస కోసమా అంటే అదీ కాదు. నావికుడు 'నౌత', మగవాడు కనుక మీరు 'నౌత బొనుస్'. పైన్ చెట్టు 'పీనుస్', అది ఆడది కనుక 'పీనుస్ బొన'. పిల్లల మార్కులు పోయేది ఇక్కడే. ఇంకా మంచిది అనాలంటే 'మెలియొర్', అన్నిటికన్నా మంచిదంటే 'ఒప్తిముస్'. అంటే మంచితనం కాస్త ముదిరితే మీరు అక్కడ కనపడరు!

మీ పాత పేరు 'దువెనొస్' అని మాకు తెలుసు. 1880లో రోమ్‌లోని క్విరినల్ కొండ దగ్గర మూడు చిన్న కుండలు అతికించినట్టున్న పాత్ర ఒకటి డ్రెస్సెల్ అనే జర్మన్ పండితుడికి దొరికింది. దాని చుట్టూ కుడి నుంచి ఎడమకి, పదాల మధ్య ఖాళీ లేకుండా రాత. అందులో 'దువెనొస్ నన్ను చేశాడు' అని ఉంది. చేసినవాడు మంచివాడా, లేక వాడి పేరే అదా అని పండితులు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు. తర్వాత 'దు' కాస్తా 'బ' అయింది. యుద్ధానికున్న పాత పేరు 'దువెల్లుమ్' కూడా అలాగే 'బెల్లుమ్' అయింది. మంచీ యుద్ధమూ ఒకే రేవులో ముఖం కడుక్కున్నాయన్నమాట.

అసలు ఫిర్యాదు ఇక మొదలు. రోమ్‌లో 'బొని', అంటే మంచివాళ్లు, ఎవరయ్యా? భూములూ వంశమూ ఉన్న సెనేట్ పెద్దలు తమకు తాము పెట్టుకున్న పేరది. మీ నపుంసక బహువచనం 'బొన'కి ఏకంగా ఆస్తి అనే అర్థం. లేనివాడు మంచివాడు కావాలంటే ఏ విభక్తిలో చేరాలో చెప్పలేదు.

ఆ 'బొన' కోసం ఏం జరిగిందో గుర్తుచేస్తాను. రోమ్ నియంత సుల్లా కాలంలో అమేరియా ఊరి ఆసామి రోస్కియుస్ రోమ్‌లో హత్యకు గురయ్యాడు. సుల్లా శత్రువుల జాబితాకి పెట్టిన గడువు దాటాక ఆయన పేరు అందులో ఎక్కించి ఆస్తి వేలం వేశారు. 60 లక్షల సెస్టెర్సుల (రోమన్ నాణేల) ఆస్తిని సుల్లా మనిషి క్రిసొగొనుస్ 2 వేలకే కొట్టేశాడు. పైగా తండ్రిని చంపింది కొడుకే అని కేసు! క్రీ.పూ. 80లో కుర్ర లాయరు సిసెరో లేచి, కాస్సియుస్ అనే పాత న్యాయమూర్తి ప్రతి కేసులో అడిగే మాట గుర్తుచేశాడు: 'కుయి బొనో?', ఎవరికి లాభం? కొడుకు బయటపడ్డాడు. మీరు నిజంగా ఉపయోగపడింది, నాకు తెలిసి, ఆ ఒక్కపూటే.

ఇప్పుడు మా కాలేజీల్లో 'బోనఫైడ్' సర్టిఫికెట్ కోసం క్యూలో నిలబడుతున్నారు. 'ఫిదేస్', అంటే విశ్వాసం, స్త్రీలింగం కాబట్టి మీరూ ఆడవేషంలో వచ్చి 'బొనా ఫిదే' అయ్యారు. 'సద్భావంతో' అని అర్థం. సద్భావం సరే, రెండు ఫొటోలేవి, ఫీజు రసీదేది, ప్రిన్సిపల్ సంతకం మీద గుండ్రటి స్టాంపేది అంటాడు క్లర్కు.

(మా తెలంగాణ బోనాలకూ మీకూ చుట్టరికం లేదు, కలుపుకోవద్దు. అది భోజనం.)

చివరికి 18వ శతాబ్దపు లండన్ షేర్ బజారు జనం మిమ్మల్ని అదనంగా ఇచ్చే డబ్బుకి 'బోనస్' అని పేరుగా పెట్టారు. వస్తువు కనుక 'బొనుమ్' అనాలి, వాళ్లు మగరూపమే ఉంచేశారు. చెట్టు దగ్గర అంత పట్టుబట్టిన మీరు డబ్బు దగ్గర నోరెత్తలేదు. మా దేశంలో 1965 చట్టం, తర్వాతి సవరణలతో, బోనస్ కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం అని రాసింది. ఇంత మంచితనానికి దశాంశ బిందువు కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

దీపావళి దగ్గర పడుతోంది. మా ఆఫీసుకి వచ్చే ఉద్దేశం ఉంటే చతుర్థీ విభక్తిలో, 'నా కొరకు' అని స్పష్టంగా రాయించుకుని రండి.

ఇట్లు,
ఏ వేషమూ వేయలేని మామూలు 'మంచి' ఉద్యోగి