ఎన్‌పీఎక్స్ అడగగానే ‘వై’ కొట్టమని పిల్లలకు నేర్పకండి

మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు గుంటూరు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని విజయవాడలో మా ఇంటికి వచ్చాడు. "అన్నా, టైప్‌స్క్రిప్ట్ పాడైపోయింది, పొద్దున్నుంచి ఒకటే టెన్షన్" అన్నాడు. కమాండ్లు కొట్టే టెర్మినల్ చూస్తే, నువ్వు వెతికే టీఎస్‌సీ (టైప్‌స్క్రిప్ట్ కోడ్‌ను జావాస్క్రిప్ట్‌గా మార్చే కమాండ్) ఇది కాదని ఇంగ్లిష్‌లో ఒక లైను కనిపించింది.

పాడైందేమీ లేదు. ప్రాజెక్టులో టైప్‌స్క్రిప్ట్ వేసుకోకుండానే ‘ఎన్‌పీఎక్స్ టీఎస్‌సీ’ కొట్టాడు. ఎన్‌పీఎక్స్ అంటే ప్యాకేజీల్లో, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటల్లో, ఉండే కమాండ్లను నడిపే సాధనం. అది ముందు ప్రాజెక్టులో ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ లోపలున్న డాట్ బిన్ ఫోల్డర్‌లో ఆ కమాండ్ కోసం చూస్తుంది. ఎక్కడా దొరక్కపోతే అదే పేరున్న ప్యాకేజీని నెట్ నుంచి దించి నడుపుతుంది. చిక్కంతా ఇక్కడే. కమాండ్ పేరు టీఎస్‌సీ, అది ఉండే ప్యాకేజీ పేరు టైప్‌స్క్రిప్ట్. టీఎస్‌సీ పేరుతో ఉన్న ప్యాకేజీ వేరే. అది దారి తప్పావని చెప్పి, ముందు టైప్‌స్క్రిప్ట్ వేసుకోమని సలహా ఇచ్చి ఊరుకుంటుంది కాబట్టి సరిపోయింది. ఆ పేరు దుర్మార్గుడి చేతిలో ఉంటే, వాడి కోడ్ మా తమ్ముడి లాగిన్‌తో, మా తమ్ముడి ఫైళ్ల మీద నడిచేది.

"దించమంటావా అని అడిగింది కదరా?"

"అడిగింది అన్నా. వై కొట్టాను. కోచింగ్‌లో ఎప్పుడూ అదే చెబుతారు."

నాకు కోపం వచ్చింది వాడి మీద కాదు. 2017లో ప్యాకేజీలను దించి వేసే ఎన్‌పీఎం 5.2 వెర్షన్‌తో ఎన్‌పీఎక్స్ వచ్చినప్పుడు ఈ ప్రశ్నే లేదు, నేరుగా దించి నడిపేసేది. 2020లో వచ్చిన ఎన్‌పీఎం 7 నుంచే ఆగి, ప్యాకేజీ పేరు చూపించి మరీ అడుగుతోంది. ఆ పేరు చదవమని చెప్పకుండా ‘వై కొట్టు’ అంటే ఆ మార్పంతా బూడిదలో పోసిన పన్నీరే కదా! పైగా కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే సీఐ సర్వర్‌లో జవాబు చెప్పే మనిషి ఉండడు కాబట్టి అడగదు కూడా, సరే అన్నట్టే తీసుకుంటుంది. ఇక్కడ అలవాటైన తప్పు రేపు ఉద్యోగంలో అక్కడిదాకా వెళుతుంది.

ఏది పని చేయకపోయినా ఇన్‌స్టాల్ కమాండ్‌కు హైఫన్ జీ పెట్టి గ్లోబల్‌గా, అంటే మెషీన్ మొత్తానికీ, వేసేయమనడం ఇంకో జాడ్యం. గ్లోబల్‌గా వేసింది ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్‌లోకి ఎక్కదు. నా మెషీన్‌లో ఒక వెర్షన్, పక్క సీటులో ఇంకో వెర్షన్ ఉండి, ఒకే కోడ్ ఇక్కడ బిల్డ్ అయి అక్కడ ఆగిపోతే రోజంతా తల పట్టుకు కూర్చున్నవాణ్ణి నేను.

నిజానికి ప్రాజెక్టులో ఉన్నది నడపడానికీ, బయటి నుంచి తెచ్చి నడపడానికీ ఒకే కమాండ్ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఎన్‌పీఎంకు బదులుగా వాడే పీఎన్‌పీఎంలో మొదటిదానికి ఎగ్జెక్, రెండోదానికి డీఎల్‌ఎక్స్ అని విడివిడిగా ఉన్నాయి. నాకు అదే నచ్చుతుంది.

వాడి ప్రాజెక్టులోనే టైప్‌స్క్రిప్ట్‌ను డెవ్ డిపెండెన్సీగా, అంటే కోడ్ రాసేటప్పుడు మాత్రమే కావాల్సిన ప్యాకేజీగా, వేయించాను. మళ్లీ అదే ‘ఎన్‌పీఎక్స్ టీఎస్‌సీ’ కొడితే ఏ ప్రశ్నా అడగకుండా కంపైల్ చేసింది. తర్వాత ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని స్క్రిప్ట్స్‌లో బిల్డ్ అని ఒక లైను రాయించాను. ఆ లైనును నడిపే ‘ఎన్‌పీఎం రన్’ కమాండ్, డాట్ బిన్ ఫోల్డర్‌ను తనే పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) కలుపుకుంటుంది, అక్కడ ఎన్‌పీఎక్స్ అవసరమే లేదు.

"మా బ్యాచ్‌లో అందరూ ఇలాగే కొడుతున్నారన్నా" అన్నాడు వెళ్లేటప్పుడు. సోమవారం క్లాసులో సార్‌ని అడుగుతానన్నాడు. ఇంకా ఫోన్ చేయలేదు.