పాత ముచ్చట్లు బంద్ పెట్టమన్న తమ్ముడికి

నిన్న నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా ఊళ్లో బంధువుల ఇంట్లో చిన్న కార్యం జరిగింది. రెండు రోజులుగా నల్లా నీళ్లు రాకపోవడంతో పిల్లలు గుడి వెనుకనున్న పాత బోరింగు దగ్గర బిందెలు నింపుతుంటే, నడుము వంగి కర్ర ఊతంతో నడిచే మా పెద్దబాపు అరుగు మీది నుంచి లేచి వెళ్లి వాళ్లను ఆపాడు. "ఈ నీళ్లే నన్ను గిట్ల చేసినయి బిడ్డా. కాళ్లు కడుక్కోండ్రి గని కూరల పొయ్యకుండ్రి" అన్నాడు. దానికి పట్నం నుంచి వచ్చిన తమ్ముడొకడు అందరి ముందు, "ఎన్నేండ్లయినా గవే పాత ముచ్చట్లా పెద్దబాపూ, ఇగ బంద్ పెట్టు" అన్నాడు. నలుగురు నవ్వారు. పెద్దబాపు మారు మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

గతాన్ని తవ్వుకుంటే మనసు పాడవుతుందని చెప్పేవారికి నాదొక ప్రశ్న. మా పెద్దబాపు గతాన్ని తవ్వుకుంటున్నాడా? అది ఆయన వెన్నెముకలోనే ఉంది. ఆ బోరింగు నీళ్లతో ఒంట్లోకి చేరి ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడు వల్ల బిగుసుకుపోయిన కీళ్లు మంచి నీళ్లు తాగినంత మాత్రాన మళ్లీ వదులు కావు. పొద్దున మంచం మీది నుంచి లేవడానికి ఇద్దరి సాయం కావలసిన మనిషిని అదంతా మరిచిపొమ్మనడానికి నోరెట్లా వచ్చింది?

పైగా ఈ విషం కంటికి కనిపించదు. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, మరగబెట్టినా ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదని ప్రమాణాలు చెబుతాయి గాని, బిందె పట్టుకుని నిలబడిన పదేళ్ల పిల్లకు ఆ లెక్క ఎట్లా తెలుస్తుంది? పరీక్ష చేయించేదాకా ఆ పిల్లకు దొరికే హెచ్చరిక ఆ నీళ్లు తాగిన పెద్దమనిషి మాట ఒక్కటే. ఆ మాటను నవ్వి కొట్టిపారేస్తే పిల్లలు మళ్లీ అదే బోరింగు దగ్గరికి వెళతారు.

మరిచిపోవడం వల్ల ఎంత నష్టమో ఈ జిల్లాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు, పండ్లు పాడయ్యే జబ్బు, ఉందని 1945లోనే వైద్య పత్రికలో అచ్చయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, దాన్ని ఇథియోపియా, టాంజానియా దేశాల్లో కూడా వాడి చూశారు. ఇదే జిల్లాలో 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మిర్యాలగూడ వైపు పొలాలను తడిపిన ఏండ్లలోనే మా వైపు బావులు ఎండిపోయి బోర్లు లోతుకు దిగాయి, పిల్లల కాళ్లు వంకర్లు తిరిగాయి. తెలిసీ ఏమీ చేయని ఆ ఏండ్లన్నిటి లెక్క అడుగుతాం, అడగక తప్పదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా అక్కను చూడడానికి వచ్చిన మొదటి సంబంధం వాళ్లు ఛాయ తాగి, మంచిగా మాట్లాడి, ఆమె నవ్వినప్పుడు పండ్ల మీది గోధుమరంగు చారలు చూసి, ఆ ఊరి పిల్ల మాకొద్దని కబురు పంపారు. ఆ తర్వాత మూడేండ్లు మా అక్క కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. అట్లా కబురు పంపిన ఇంటి మనుషులే నిన్న ఆ పందిట్లో కూర్చుని, తమ్ముడి మాటకు అందరికంటే గట్టిగా నవ్వారు. వాళ్లకు మరపు సులువు, ఎందుకంటే వాళ్లు పోగొట్టుకున్నది ఏమీ లేదు. నాకు వాళ్ల మీద పగ లేదు, కానీ మరిచిపొమ్మని మాకు చెప్పే హక్కు వాళ్లకు లేదు.

తమ్ముడూ, నీకు ఊహ తెలిసేనాటికి ఇంట్లోకి నల్లా వచ్చింది. అందుకు నాకు సంతోషమే. ఆ బోరింగుకు ఒకప్పుడు ఎర్ర రంగు వేసి ఉండేది, తాగవద్దని గుర్తు. అది ఎప్పుడో వెలిసిపోయింది. రేపు పొద్దున చండూరు నుంచి ఎర్ర రంగు డబ్బా తెస్తున్నాను. పెద్దబాపును కుర్చీలో అక్కడే కూర్చోబెట్టి, నిన్న బిందెలు పట్టుకున్న పిల్లలతోనే దానికి రంగు వేయిస్తాను.