మన కుళాయికి ఎగువన ఒక ఊరు

ఈసారి కార్తీక వనభోజనాలు ఎక్కడ పెట్టుకుందామని మా తెలుగువాళ్ల సంఘం కార్యవర్గ సమావేశంలో చర్చ వచ్చింది. ఎప్పటిలాగే అందరూ జోర్డాన్ సరస్సు అన్నారు. నేను సాక్సపహా అన్నాను. "అక్కడేముందండీ, పాత మిల్లు తప్ప?" అన్నారు ఒక పెద్దాయన. నిజమే, అక్కడ ఉన్నది పాత మిల్లే. ఆయన నవ్వుతూనే అన్నా, ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఈ వ్యాసం ఆయనకు జవాబు.

సాక్సపహా మేముండే క్యారీ పట్టణం నుంచి గంటలోపు ప్రయాణం. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని అలమాన్స్ కౌంటీలో, హా నది ఒడ్డున, రెండు వేల జనాభా కూడా లేని ఊరు. ఒకప్పుడు ఇక్కడ నివసించిన సిస్సిపహా అనే ఆదివాసుల పేరే ఊరిపేరుగా మిగిలింది. వాళ్లు మాత్రం అక్కడ మిగలలేదు. హా నది 110 మైళ్ల పొడవున రాళ్ల మీద దూకుతూ వస్తుంది. నీరు ఎక్కడ దూకుతుందో అక్కడ చక్రం తిప్పవచ్చు. చక్రం తిరిగితే కదుళ్లు తిరుగుతాయి. ఊరు పుట్టడానికి ఆ కాలంలో అంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఇక్కడ నూలు మిల్లు కట్టించినవాడు క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన జాన్ న్యూలిన్. క్వేకర్లకు బానిసత్వం పాపం. 1839లో సారా ఫ్రీమన్ అనే ఆవిడ తన బానిసలను ఈయన పేరిట వీలునామా రాసింది. ఈయన వాళ్లను విడిపిస్తాడన్న నమ్మకంతోనే రాసింది. ఆమె భర్త కోర్టుకెక్కాడు. ఆ తర్వాత బంధువులు ఎక్కారు. వ్యాజ్యం రాష్ట్ర సుప్రీంకోర్టుదాకా పలుమార్లు వెళ్లింది. అప్పటి చట్టం కూడా అడ్డమే: విడుదలైన బానిస 90 రోజుల్లో రాష్ట్రం వదిలిపోవాలి. చివరకు 1850లో న్యూలిన్ వాళ్లను ఒహైయో తీసుకెళ్లి విడిచిపెట్టాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే న్యూలిన్ ధర్మాత్ముడు. కానీ ఆ మధ్యకాలంలో, 1840లలో, మిల్లు లేచింది. నది నీటిని చక్రం దగ్గరికి మళ్లించే కాలువ తవ్వింది ఆ బానిసలే. స్వేచ్ఛ వస్తుందని తెలిసి, ఎప్పుడొస్తుందో తెలియక, పారలతో, గడ్డపారలతో ఎర్రమట్టి తవ్వారు. మా అబ్బాయిని ఆ గట్టు మీద నిలబెట్టి ఇదంతా చెబితే, "వాళ్లకు కూలి ఇచ్చారా?" అని అడిగాడు. పదేళ్లవాడు అడిగిన ప్రశ్నకు న్యూలిన్ సాటి క్వేకర్లు కూడా తడుముకుని ఉంటారు. న్యూలిన్ దొంగ అనను. మాట నిలబెట్టుకున్నాడు, అందుకు పదేళ్లకు పైగా కోర్టులో పోరాడాడు. అయితే ఆ పదేళ్లూ వాళ్ల చెమట ఆయన గోడల్లోకే ఇంకింది. నా దృష్టిలో ఆ ఊరికి వెళ్లాల్సింది ఈ చిక్కుముడి కోసమే. కాఫీ కోసమో, మిల్లు ముందు ఫొటో కోసమో అయితే క్యారీలోనే బోలెడు చోట్లున్నాయి.

తర్వాతి చరిత్ర చాలా మిల్లు ఊళ్లదే. 1873లో మిల్లు హోల్ట్ కుటుంబం చేతికి వచ్చింది. 1927లో సెల్లర్స్ కుటుంబం కొన్నది. కొండవాలున కంపెనీ ఇళ్లు. ఉద్యోగం పోతే ఇల్లూ పోయినట్టే.

సెల్లర్స్ మిల్లును నడిపింది ఆ కుటుంబపు మేనల్లుడు బి. ఎవరెట్ జోర్డాన్. అవును, మనం ప్రతి ఏడూ పులిహోర గిన్నెలు దించే ఆ సరస్సు పేరు ఈయనదే. 1958లో అమెరికా సెనేట్‌లో రాష్ట్రపు స్థానం ఖాళీ అయితే గవర్నర్ లూథర్ హాడ్జెస్ ఈయనను నియమించాడు. హాడ్జెస్ కూడా బట్టల మిల్లుల్లో పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చినవాడే. మిల్లు జీతాల మీద, పొగాకు మీద రాష్ట్రం ఎన్నటికీ బాగుపడదని ఆయనకు తెలుసు. ఆయన పట్టుదలతోనే 1959లో పరిశోధన సంస్థలు, కంపెనీలు ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది. మనలో సగం మంది బ్యాడ్జీ గీకి లోపలికి వెళ్లేది అక్కడికే. జోర్డాన్ 1964లో, జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. ఆ ఉద్యమపు ఊపులోనే మరుసటి ఏడు వచ్చిన వలస చట్టంతోనే మనవాళ్లు ఇంతమంది ఈ దేశంలో అడుగు పెట్టగలిగారు. సరస్సు ఒడ్డున కూర్చుని ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఆ సరస్సు కూడా ఊరికే రాలేదు. 1945 వరదలకు దిగువనున్న ఫాయెట్‌విల్ పట్టణం మునిగితే, దాన్ని కాపాడడానికి ఆనకట్ట తలపెట్టారు. పొలాలు పోయాయి, ఇళ్లు పోయాయి. 1981లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. అదే ఏడాది మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. జోర్డాన్ సరస్సు కింద ఎవరి పొలం ఉందో అడగకుండా ఇన్నేళ్లు దాని ఒడ్డున గారెలు తిన్నానని తెలిసి, నామీద నాకే కోపం వచ్చింది. క్యారీ, ఎపెక్స్, మోరిస్‌విల్ కుళాయిల్లో వచ్చేది ఆ నీరే. హా నది మోసుకొచ్చే రసాయనాల గురించి పేపర్లో వార్త పడ్డప్పుడు వాట్సాప్‌లో ఫిల్టర్ల ధరలు పంపుకుంటాం, ఎగువన ఏ ఊళ్లున్నాయో మాత్రం ఎవరూ అడగరు.

మిల్లు 1994లో ఆగిపోయింది, ఆ ఏటి సుడిగాలి దెబ్బతో. తర్వాత ఆ ఇటుక గోడల్లోనే అపార్ట్‌మెంట్లు, సంగీత సభల హాలు వచ్చాయి. పెట్రోలు పంపు ఉన్న కొట్లోనే మంచి భోజనం దొరుకుతుంది. బాగుంది, కాదనను. పాడుబడి కూలిపోవడం కంటే లక్షరెట్లు నయం. కానీ కదుళ్ల దగ్గర దూది నుసి పీల్చినవాళ్ల మనుమలు ఈ అద్దెలు కట్టగలరా అన్న అనుమానం నన్ను వదలదు.

"అది మన చరిత్ర కాదు కదా" అని ఆ పెద్దాయన మళ్లీ అనవచ్చు. పిల్లలకు తెలుగు నేర్పాలని ఆదివారం బడి పెట్టుకున్నవాళ్లం. తాగే నీటి కథ చెప్పడానికి ఏడాదికి ఒక పూట కేటాయించలేమా? కార్యవర్గానికి నా మనవి ఒకటే: ఈ నవంబరులో ఒక బస్సు మాట్లాడండి. భోజనాలకు ముందు పిల్లలను కాలువ గట్టు వెంట నడిపించి, దాన్ని తవ్వింది ఎవరో తెలుగులోనే చెబుదాం. ఉసిరిచెట్టు దొరకదు, ముందే చెబుతున్నాను. నది ఒడ్డున తెల్లటి కాండాల సికమోర్ చెట్లున్నాయి. చాపలు వాటి కింద వేసుకుందాం.