అచ్చం ఫొటోలా ఉంటేనే బొమ్మా?

పెన్సిల్‌తో హీరో ముఖం దించేసి, చెమట చుక్కలతో సహా వేసి పెడితే చాలు, వేల లైకులు. "అబ్బ, అచ్చం ఫొటోనే!" ఆ ఓపికకు నేనూ దండం పెడతాను. నా గొడవ వాళ్లతో కాదు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన స్కెచ్ షేర్ చేస్తే కింద "సగంలో వదిలేశాడేంటి", "మా బుడ్డోడూ గీస్తాడు" అని రాసేవాళ్లతో.

ఆ స్కెచ్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నిద్రపోతున్న యువతి, 1654 ప్రాంతంలో వేసింది. ఏ4 కాగితం కన్నా చిన్నది. ఆమె రెంబ్రాంట్‌తో కలిసి బతికిన హెండ్రిక్యే స్టొఫెల్స్ అని చాలామంది నమ్మకం. (పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నందుకు చర్చి పెద్దలు ఆమెను పిలిపించి నిలదీసిందీ 1654లోనే. ఊళ్లో పెద్దమనుషులు ఎక్కడైనా ఒకటే.)

జూమ్ చేసి చూడండి. చేతిమీద తల వాల్చి ముడుచుకుంది. ఒంటిమీది బట్టంతా కుంచెతో లాగిన లావుపాటి సిరా గీతలే. కుంచెలో తడి అయిపోతున్నా చెయ్యి ఆగలేదు. దాంతో గీత చీలి, మధ్యలో కాగితం తెల్లగా బయటపడింది. బట్టమీద పడ్డ వెలుగు అదే. ముఖం దగ్గరికి వచ్చేసరికి అదే చెయ్యి ఎంత నెమ్మదించిందో! మూసిన కళ్లు, ముక్కు, పెదవులు సన్నగా, తాకీ తాకనట్టు. తల వెనక పులిమిన సిరా ఆ ముఖాన్ని ముందుకు తోస్తుంది. సిరాకు రబ్బరు లేదు, తప్పు పడితే చెరపడం కష్టం.

ఫొటో చూసి దించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న బాధ ఉండదు, కెమెరా ముందే తేల్చేసింది. ఇక్కడ ప్రతి గీతకూ ఆ తీర్పు ఆయనే ఇవ్వాలి, అదీ ఆమె కదిలేలోపు.

నున్నగా వేయడం రాక కాదు. 1632లో, పాతికేళ్ల ప్రాయంలోనే, 'డాక్టర్ టుల్ప్ అనాటమీ పాఠం' అనే పెయింటింగ్ వేసినవాడు. అందులో కాలర్ల మడతలు చూస్తే తెలుస్తుంది. ఆయన తొలి శిష్యుడు గెరిట్ డౌ ఆ నున్నటి పనితోనే పేరూ డబ్బూ సంపాదించాడు. జనానికి ఈ మోజు కొత్తేం కాదన్నమాట.

"పెయింటింగ్ కోసం వేసుకున్న చిత్తు కదా" అంటారు కొందరు. రెంబ్రాంట్ పెయింటింగ్‌కి ముందు అలా డ్రాయింగ్ వేసుకోవడం చాలా అరుదు. 1656లో దివాలా తీసినప్పుడు రాసిన ఇంటి సామాన్ల జాబితాలో ఆయన సొంత డ్రాయింగుల ఆల్బమ్‌లూ ఉన్నాయి, విషయాలవారీగా విడదీసి మరీ. చిత్తు కాగితాలైతే ఎప్పుడో పొయ్యిలోకి పోయేవి.