జడ్జి కావాలంటే ఏ లా చదవాలి? ముందు ఆ మూడేళ్ల సంగతి చూడండి

లా ప్రవేశ పరీక్ష లాసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, నెల్లూరులోనూ ఒంగోలులోనూ చాలా ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లను జడ్జిని చేయాలి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా మంచిదా, డిగ్రీ చేశాక మూడేళ్ల లా మంచిదా, అప్పోసప్పో చేసి నేషనల్ లా యూనివర్సిటీకి పంపాలా? కింది కోర్టుల్లో మొదటి మెట్టు అయిన జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు ఇవన్నీ సమానమే. బీఏతో కలిసిన లా, బీబీఏతో కలిసిన లా అన్న తేడా లేదు. లాలో పీజీ అయిన ఎల్ఎల్ఎం అడగరు. బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కాలేజీలో రెగ్యులర్‌గా చదివితే చాలు, దూరవిద్యలో లా చేస్తే మాత్రం చెల్లదు. అయిదేళ్ల కోర్సులో కలిసొచ్చేది ఒక్క ఏడాది.

కాబట్టి ఊళ్లో ఉన్న కాలేజీలో, తక్కువ ఫీజుతో చదివించండి. మిగిలిన డబ్బు దాచండి. అది ఎందుకు అవసరమవుతుందో 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో తానే తీసేసిన నిబంధనను మళ్లీ తెచ్చి, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. ఆ మూడేళ్లను ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే న్యాయవాదిగా తాత్కాలికంగా పేరు నమోదైన తేదీ నుంచి లెక్కిస్తారు. పట్టా చేతికొచ్చాక ఎన్‌రోల్‌మెంట్‌కి ముహూర్తాలు చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

డిగ్రీయే తలరాత రాసిన రోజులు లేకపోలేదు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగానే సంపాదించారు. కానీ ఆ గ్రేడుతో హైకోర్టులో వాదించే వీలు లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లారు, బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఈ గ్రేడుల గోలను 1961 అడ్వకేట్ల చట్టం ఎత్తేసింది. ఇప్పుడు అందరూ ఒకే తరగతి న్యాయవాదులు. మనవాళ్లు మాత్రం ఇంకా బారిస్టరు కాలంలోనే ఉన్నారు!

ఇక అసలు చదువు కావలి, ఆత్మకూరు, కందుకూరు, దర్శి లాంటి ఊళ్ల జూనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో (పాత పేరు మున్సిఫ్ కోర్టులు) ఉంది. ప్రోనోటు దావాలు, చెక్ బౌన్స్ కేసులు, గట్టు తగాదాల ఇంజంక్షన్లు, రొయ్యల చెరువుల లీజు గొడవలు. ‘సంతకం నాదే, డబ్బు మాత్రం ముట్టలేదు’ అని ప్రతివాది అంటాడు. అప్పుడు డబ్బు ముట్టినట్టే భావించాలని, కాదని రుజువు చేసుకునే బాధ్యత అతనిదేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ చెబుతుంది. పుస్తకంలో అది నాలుగు ముక్కలు. అదే సెక్షన్ చుట్టూ సీనియర్ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తుంటే, సాక్షి ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ భయపడ్డాడో, ఎక్కడ నేర్పిన మాట చెప్పాడో పక్కన కూర్చున్న జూనియర్‌కి తెలుస్తుంది. రేపు బెంచీ మీద కూర్చుని ఎవరి మాట నమ్మాలో తేల్చాల్సింది ఆ జూనియరే. దావాకు నంబరు ఇవ్వకుండా కోర్టు ఎందుకు తిప్పి పంపిందో, స్టాంపు తక్కువైన అగ్రిమెంటుకు అడ్డు చెబితే ఏం చేయాలో ఏ కాలేజీలోనూ ఇంతబాగా చెప్పరు. ప్లీడరు గుమాస్తా చెబుతాడు.

నేషనల్ లా యూనివర్సిటీల్లో పాఠాలు గట్టివి, ఇంగ్లీషు బాగా పట్టుబడుతుంది, పెద్ద కోర్టుల్లో జడ్జీలకు సహాయకులుగా పనిచేసే లా క్లర్కు అవకాశాలూ ఎక్కువే అంటారు. నిజమే. లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని సుప్రీంకోర్టు అంది. కానీ లక్షలు పోసి చదివిన పిల్లకు కార్పొరేట్ ఆఫీసు జీతం కనిపిస్తుంది, వాయిదాల కోర్టు కనిపించదు. ఇంట్లో అప్పు ఉంటే ఆమెనెలా తప్పుపడతాం?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం వేరు. ఆ మూడేళ్లూ తిండి ఎవరు పెడతారు? మన చిన్న కోర్టుల్లో జూనియర్‌కి జీతం ఇవ్వడమనే అలవాటే తక్కువ. ఆటో ఖర్చులిస్తే గొప్ప. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచన కాబట్టి సీనియర్లు చదివి పక్కన పెట్టేశారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జూనియర్ న్యాయవాదుల కోసం మొదలుపెట్టిన లా నేస్తం పథకం కింద నెలకు ఇచ్చింది 5,000. ప్లీడరు గారి అబ్బాయికి ఆఫీసుంది, బీరువా నిండా పుస్తకాలున్నాయి, నాన్న క్లయింట్లున్నారు. పొదిలి నుంచి వచ్చిన కూలీ కూతురికి ఏముంది? పైగా పాతికేళ్లు దాటుతున్నాయంటూ ఇంట్లో పెళ్లి టెన్షన్. ఆమె మధ్యలో మానేస్తే పరీక్ష గదిలో మిగిలేది ఎవరి పిల్లలో చెప్పక్కర్లేదు.

ప్రాక్టీసు నిబంధన ఉండాల్సిందే. ఆ మూడేళ్లకు భత్యం కూడా చట్టంలో ఉండాల్సిందే. కోర్టులో వేసే వకాల్తా మీద సంక్షేమ నిధి స్టాంపు అంటిస్తూనే ఉన్నాం. ఆ నిధిలో కొంత భాగాన్ని మొదటి తరం జూనియర్లకు కేటాయించి, మిగతాది ప్రభుత్వం కలిపితే సరిపోతుంది. చట్టం మారాలంటే ఎవరో ఒకరు అడగాలి. కొత్త కోర్టు భవనాల కోసం విధులు బహిష్కరించే బార్ అసోసియేషన్లు దీనికి బహిష్కరణ దాకా వెళ్లక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు సీనియర్లు వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టి, ఆ నెల నుంచే తమ ఆఫీసు జూనియర్లకు ఇవ్వడం మొదలుపెట్టవచ్చు.