మ.రా.రా.శ్రీ మరుగుదొడ్డి తాళంకప్ప గారికి

మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల ఆవరణలో, బాలికల మరుగుదొడ్డి తలుపు గొళ్లానికి వేలాడుతూ కాపురముంటున్న తాళంకప్ప గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ పిల్లల పేగుల్లో ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులు సకుటుంబంగా క్షేమం. తమరు కూడా వానకు తుప్పు పట్టకుండా, పదో తారీఖు వచ్చినా చెక్కుచెదరకుండా ఉన్నారని తలుస్తున్నాం.

పదో తారీఖంటే ఫిబ్రవరి 10, ఆగస్టు 10. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, మరుసటి ఏడాదికి దేశమంతా పాకింది. ఆ రోజు బడికి బ్యానరొస్తుంది, ఏఎన్ఎం వస్తారు, ఆశా కార్యకర్త వస్తుంది. సర్పంచ్ గారు వచ్చి ముందు వరసలో పిల్ల నోట్లో మాత్ర పెడుతూ ఫొటో దిగుతారు. ఆ ఫొటోలో తమరు ఒక్కసారీ కనపడలేదు. పురుగుల వంశాభివృద్ధికి ఏడాది పొడుగునా కష్టపడేది తమరైతే, పేపర్లో పేరు మాత్రం మాత్రది. ఈ అన్యాయాన్ని ఎత్తిచూపడానికే ఈ లేఖ.

మాత్రను చిన్నబుచ్చాలని కాదు సుమా. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు చాలా మంచి మందు. పేగులో ఉన్న పురుగు చక్కెర పీల్చుకోలేకుండా చేస్తుంది, అది ఆకలితో చచ్చి నాలుగు రోజుల్లో బయటికొచ్చేస్తుంది. ఏడాది నిండని బిడ్డకు ఇవ్వరు. ఏడాది నుంచి రెండేళ్ల దాకా సగం మాత్ర, రెండు చెంచాల మధ్య పెట్టి పొడి చేసి నీళ్లలో కలిపి. రెండు దాటితే మొత్తం మాత్ర, మూడేళ్లు నిండేదాకా అదీ పొడి చేసే ఇవ్వాలి. ఆ పైన 19 ఏళ్ల వరకు ఎవరైనా సరే నమిలి మింగాలి. నమలమనేది రుచి కోసం కాదు. మాత్ర పెద్దది, చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడితే ఊపిరాడదు. ఇంటికిచ్చి పంపకూడదు, టీచర్ కళ్ల ముందే మింగించాలి. ఇంటికి పంపిన మాత్ర గూట్లో దేవుడి పటం వెనక్కి చేరుతుంది. బడిలో ఇచ్చినదాన్ని కూడా నాలుక కింద దాచి కిటికీలోంచి ఊసేసే ఘనులున్నారు, అందుకే నోరు తెరిపించి చూడాలి. జ్వరంతో ఉన్నవాళ్లకు ఆ రోజు వద్దు. వాళ్లకీ, రానివాళ్లకీ వారం తర్వాత మాప్-అప్ రోజున వేస్తారు. హాజరుపట్టీలో మొదటి రోజు మింగినవాళ్లకు ఒక టిక్కు, మాప్-అప్ రోజు మింగినవాళ్లకు రెండు టిక్కులు. తమరి గురించి మాత్రం ఆ పట్టీలో గడే లేదు.

మాత్ర వేశాక ఒక పిల్లాడు కక్కితే పక్కవాడికీ వికారం మొదలవుతుంది, సాయంత్రానికి "మాత్రలు వికటించి" అని టీవీలో స్క్రోలింగు. కడుపులో పురుగులు ఎక్కువున్నవాళ్లకే ఈ వికారం, కడుపునొప్పి ఎక్కువ. నీడలో పడుకోబెట్టి కాసిని ఓఆర్‌ఎస్ నీళ్లు తాగిస్తే చాలామందికి కాసేపట్లో తగ్గిపోతుంది. పురుగులు ఉన్నాయనడానికి అది ఆనవాలు కూడా కావచ్చు. కానీ మరుసటి ఆగస్టులో "మా పిల్లకు వేయొద్దు" అని చీటీ రాసి పంపే తల్లికి ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు.

సరే, అందరూ నమిలారు, అన్ని టిక్కులూ పడ్డాయి. ఇక్కడినుంచి కథ తమరిది.

ఇంటర్వెల్ బెల్లు కొడతారు. పిల్లలు పరిగెడతారు. చెప్పులన్నీ క్లాసు బయట వరండాలో వరసగా ఉంటాయి, వాటిని వెతికి తొడుక్కునే తీరికెవరికి? ఉత్తికాళ్లతో తమరి దాకా వచ్చి, తమరి మొహం చూసి, అట్నుంచటే గోడ వెనక్కి మళ్లుతారు. అక్కడ చింతచెట్టు నీడ, పక్కన చేతిపంపు నీళ్లు పారే తడి. కొంకిపురుగు పిల్లకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. దానికి నీడ కావాలి, తడి కావాలి, గుల్లగా ఉన్న ఇసకమట్టి కావాలి; ఎండకు ఎండితే చస్తుంది. మలంతో పడిన గుడ్డు ఒకట్రెండు రోజుల్లో పిగిలి, వారం పది రోజుల్లో చర్మంలోకి దూరే దశకొస్తుంది. రోజూ అవే పాదాలు, అదే చోటు. వేళ్ల సందున దురదపెడితే వాననీళ్లకు కాళ్లు ఒరిశాయనుకుని పసుపు రాస్తారు. అప్పటికే అది రక్తంలో పడి, ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి పాకి, మింగుడుపడి పేగుకు చేరే దారిలో ఉంటుంది. చర్మంలోంచి దూరుతుందని మొదట కనిపెట్టినవాడు కైరోలో పనిచేసిన ఆర్థర్ లూస్, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. పురుగు పిల్లలున్న నీటి చుక్క చేతి మీద ఒలికి మంటపెడితే ఆయనకు అనుమానమొచ్చింది. మన బడిపిల్లలు అదే ప్రయోగం రోజూ రెండు ఇంటర్వెల్లకూ చేస్తున్నారు.

ఆ పురుగు చేసే పని చిన్నది కాదు. కొంకిపురుగుల్లో అంకైలోస్టోమా జాతిదైతే ఒక్కొక్కటి రోజుకు 0.15 మిల్లీలీటర్ల దాకా రక్తం తాగుతుంది. నెకేటర్ జాతిది అందులో ఐదో వంతు. మొదటి రకం 30 పురుగులుంటే రోజుకు దాదాపు టీ చెంచాడు. బడిలో కోడిగుడ్డు పెడుతున్నారు, చిక్కీ ఇస్తున్నారు, వారం వారం ఐరన్ మాత్ర ఇస్తున్నారు. అయినా ఏడో క్లాసు పిల్ల మెట్లెక్కితే ఎందుకు ఆయాసపడుతుందో, కళ్ల కింది రెప్ప ఎందుకు పాలిపోయిందో అంటూ మీటింగులు పెడతారు. ఆ మీటింగుకు తమరిని పిలవరు.

ఏలికపాము పద్ధతి వేరు. అది చర్మంలోకి దూరదు, గుడ్డు రూపంలో నోట్లోకే వస్తుంది. ఆడపాము రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది. అవి మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు పండితే గానీ అంటుకోవు. పండాక మాత్రం నీడపట్టున ఏళ్ల తరబడి బతుకుతాయి. ఫినాయిలుకు చావవు, బ్లీచింగుకు చావవు. గుడ్డు మీద జిగురు పొర ఉంటుంది, గోటి కింద, పలక మీద, గోలీకాయల మీద అతుక్కుపోతుంది. ఆగస్టు 10న పేగు ఖాళీ అయిన పిల్లవాడు అదే నెలాఖరుకు అదే గోడ వెనక మట్టిలో ఆడి, అదే చేత్తో చిక్కీ తిని, కొత్త గుడ్డు మింగుతాడు. రెండు మూడు నెలల్లో అది పెద్ద పామై తానే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. అంటే దీపావళి దాటేసరికి పరిస్థితి మళ్లీ మామూలే. అవి మరీ ఎక్కువైతే ఉండలు చుట్టుకుని పేగుకే అడ్డం పడతాయి, అప్పుడు ఆపరేషనే. కొరడాపురుగైతే ఒక్క మాత్రకు సరిగా లొంగను కూడా లొంగదు, సగం మందికి పైగా పేగుల్లో మిగిలే ఉంటుంది.

అయినా ఊళ్లో నింద ఎవరి మీద? బెల్లం మీద. "తీపి తిన్నావు, పురుగులు పుట్టాయి" అని నానమ్మ పిల్లాడి నెత్తిన మొట్టి పరగడుపున వేపాకు ముద్ద మింగిస్తుంది. నిద్రలో పళ్లు కొరికితే పురుగులంటారు, నోటెంట చొంగ కారితే పురుగులంటారు. బెల్లంలో పురుగు గుడ్లు ఉండవు మహాప్రభో. తమరి వెనక గోడవారన ఉంటాయి. అమాయకపు బెల్లం అన్నేళ్లు శిక్ష అనుభవిస్తుంటే తమరు నోరు మూసుకుని కూర్చోవడం భావ్యమేనా? నోరు మూసుకోవడమే తమరి ఉద్యోగమనుకోండి.

తమరిని అక్కడ వేలాడదీసిన హెడ్మాస్టారును మాత్రం తప్పుపట్టం. ఆయన గోడు ఆయనకుంది. మోటారు కాలిపోయి చాన్నాళ్లయింది, పైన ట్యాంకు ఎండింది. ఊడ్చే ఆయమ్మకు గౌరవవేతనం నెలలు ఆలస్యం. ప్రహరీ లేని వైపునుంచి రాత్రిళ్లు సీసాలతో వచ్చేవాళ్లు కుళాయిలు విరిచి పోతారు. తలుపు తీసిపెడితే మూడో రోజుకు ఎవరూ అడుగుపెట్టలేరు, ఆ రోజే తనిఖీ పడుతుంది. తాళమేస్తే? తళతళలాడే టైల్స్, వాసన లేదు, మండలంలోకెల్లా శుభ్రమైన మరుగుదొడ్డి! ఎవరూ వాడకపోవడం వల్లే అంత శుభ్రమని తనిఖీ ఫారంలో రాయడానికి చోటు లేదు. ఇది ఒక్క బడి గొడవా కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్లను కాగ్ వాళ్లు చూసి, 2020లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో, చూసినవాటిలో 72 శాతానికి లోపల నీళ్లు రావడం లేదని, 55 శాతంలో చేతులు కడుక్కునే ఏర్పాటు లేదని రాశారు. తమరి బంధువర్గం ఎంత పెద్దదో!

నీళ్ల లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే తమరి ప్రాణమంతా అందులోనే ఉంది. పల్లెకని తయారుచేసిన రూరల్ పాన్ ఒకటుంది. వాలు 25 నుంచి 28 డిగ్రీలు, కింద ట్రాపులో, అంటే వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు గొట్టంలో, నీటిమట్టం 20 మిల్లీమీటర్లు. లీటరున్నర, రెండు లీటర్లు గట్టిగా పోస్తే మొత్తం కొట్టుకుపోతుంది. కాంట్రాక్టరు బిగించింది మాత్రం టౌను షాపులో దొరికే మామూలు పాన్, లోతు ట్రాపు. దానికి బకెట్ నీళ్లు కావాలి. ఆరేళ్ల పిల్ల పంపు దగ్గర్నుంచి బకెట్ మోసుకురాగలదా? ఒక చెంబు పోస్తుంది, పోదు. తర్వాతి పిల్ల చూసి వెనక్కి తిరుగుతుంది. ఆ సాయంత్రమే హెడ్మాస్టారు తమరిని జేబులోంచి తీస్తారు.

అందుకని మా విన్నపాలు ఏమంటే. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి లోపల పెట్టి, కింద కుళాయి బిగించి, మోటారు బాగయ్యేదాకా పొద్దున్నే నింపించాలి. రెండు లీటర్ల చెంబులు రెండు, గొలుసుతో కట్టి. పాన్ మార్చే డబ్బుంటే మొదట అది మార్చాలి, రంగులు తర్వాత. లోపల గుమ్మం దగ్గర రబ్బరు చెప్పులు నాలుగు జతలు, సైజు చిన్నవి. తాళంచెవి ఆఫీసు బీరువాలో కాకుండా పెద్ద క్లాసు పిల్లల చేతికివ్వాలి, వంతులవారీగా. తమరిని రాత్రిపూట కాపలాకు పెట్టుకుంటే మాకేం అభ్యంతరం లేదు, పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం దాకా సెలవు తీసుకోండి. సబ్బును వలసంచిలో వేసి పంపు గొట్టానికి కట్టాలి. మధ్యాహ్న భోజనం ముందు పిల్లలు కడుక్కునే తీరు చూశారా? కుడిచేతి నాలుగు వేళ్ల కొసలు తడిపి చొక్కాకు తుడుచుకుంటారు. సబ్బు లేదా అంటే ఉంది, గ్రాంటులో కొన్నారు, బిల్లుంది. బీరువాలో ఉంది. బీరువాకు తమరి తమ్ముడు కాపలా.

గుంతల గురించి ఒక్క మాట. రెండు గుంతలుంటే ఒకటి నిండాక దాన్ని మూసి రెండేళ్లు కదపకండి, అప్పటికి ఏలికపాము గుడ్లు కూడా చస్తాయి. తొందరపడి ఆర్నెల్లకే తవ్వి ఆకుకూర మడిలో పోస్తే గోడ వెనకున్న సంతతి గోంగూర కట్టల్లో ఇంటికే వస్తుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఏటా రెండుసార్లు మాత్రలు పంచి, మళ్లీ ఆర్నెల్లకు అవే పురుగుల కోసం వచ్చే
తమరి విధేయులు

తా.క.: అసలైన నులిపురుగు, అంటే రాత్రిళ్లు ముడ్డి దగ్గర దురదపెట్టి పిల్లల్ని నిద్రపోనివ్వని సెంటీమీటరు పొడవు తెల్లదారం లాంటిది, ఆ విషయంలో తమరి మీద ఏ అభియోగమూ లేదు. దానికి మట్టితో పనిలేదు. గుడ్లు కొద్ది గంటల్లోనే అంటుకునే దశకొస్తాయి, గీరుకున్న గోటినుంచి నోటికి, పక్కబట్టలనుంచి పక్కనున్నవాళ్లకు చేరతాయి. తెల్లవారి దొడ్డికి వెళ్లకముందే, ఒళ్లు కడగకముందే ఆ చోట సెల్లోటేపు అతికించి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే గుడ్లు దొరుకుతాయి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మాత్ర, రెండు వారాలకు మళ్లీ ఒకటి; దుప్పట్లు వేణ్నీళ్లలో ఉతకడం, గోళ్లు కురచగా కత్తిరించడం. బడికి గ్రాంటులో నెయిల్ కట్టర్లు వచ్చాయని విన్నాం, ఎక్కడున్నాయో తెలియడం లేదు. తమరి తమ్ముణ్ణి ఒకసారి అడిగి చెప్పగలరు.