మిల్‌బ్రాట్‌ను ముంచింది రాజకీయం కాదు, పూచీకత్తు

జర్మనీలోని సాక్సనీ రాష్ట్ర ముఖ్యమంత్రి కుర్ట్ బీడెన్‌కోప్ఫ్ 2001 మొదట్లో తన ఆర్థిక మంత్రి గేయార్గ్ మిల్‌బ్రాట్‌ను సాగనంపిన రోజుల్లో అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. గొప్ప ప్రతిభ ఉన్న నిపుణుడే, రాజకీయ నాయకుడిగా మాత్రం అధ్వానం అన్నారాయన. ఆ తర్వాత మిల్‌బ్రాట్ గురించి రాసినవాళ్లలో చాలామంది ఆ తీర్పునే తిప్పి తిప్పి రాశారు. నా లెక్కలో ఆ తీర్పు తలకిందులుగా ఉంది.

పదవి పోయిన ఆ ఏడాదే, సెప్టెంబర్‌లో, బీడెన్‌కోప్ఫ్ కోరుకున్న అభ్యర్థిని ఓడించి మిల్‌బ్రాట్ తమ పార్టీ సీడీయూ (క్రిస్టియన్ డెమోక్రాట్లు) రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. 2002 ఏప్రిల్‌లో బీడెన్‌కోప్ఫ్ కుర్చీలోనే కూర్చున్నారు. 2004 ఎన్నికల్లో పార్టీ ఓట్లు 56.9 శాతం నుంచి 41.1 శాతానికి జారిపోయినా, సోషల్ డెమోక్రాట్లను కలుపుకొని అధికారం నిలబెట్టుకున్నారు. అధ్వానమైన రాజకీయ నాయకుడికి ఇవన్నీ సాధ్యమయ్యే పనులు కావు. దెబ్బ తిన్నది ఆయనలోని ఆర్థికవేత్తే.

మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించి, 1983 నుంచి అదే నగరపాలక సంస్థ ఖజానా చూసిన మనిషి 1990 నవంబర్‌లో ఆర్థిక మంత్రిగా సాక్సనీ రాజధాని డ్రెస్డెన్ వచ్చారు. తూర్పు జర్మనీ రాష్ట్రాలు అప్పుల మీద అప్పులు చేస్తున్న ఆ దశాబ్దంలో సాక్సనీ తలసరి అప్పును అదుపులో ఉంచారు. ఈ విషయంలో సాక్సనీ పేరు నేటికీ బవేరియా పక్కనే వినిపిస్తుంది. ఈ ఘనతను ఎవరూ కాదనలేరు, నేనూ కాదనను.

అయితే అదే మంత్రి హయాంలో, 1992లో, లైప్‌జిగ్ కేంద్రంగా సాక్సనీకి సొంత లాండెస్‌బ్యాంక్, అంటే రాష్ట్రం పూచీతో నడిచే బ్యాంకు, పుట్టింది. దాని పేరు సాక్సెన్‌ఎల్‌బి. తూర్పు రాష్ట్రాల్లో మరెవరూ ఈ పని చేయలేదు. తురింగియా పక్కనున్న హెస్సెతో కలిసి హెలాబా అనే ఉమ్మడి బ్యాంకులో చేరింది. సాక్సనీ-అన్‌హాల్ట్, మెక్లెన్‌బర్గ్-వెస్ట్ పొమెరేనియా నార్డ్‌ఎల్‌బి అనే మరో లాండెస్‌బ్యాంక్ వైపు వెళ్లాయి. కర్మాగారాలు మూతపడుతున్న రాష్ట్రంలో ఇంత పెద్ద బ్యాంకు ఎవరికి అప్పులివ్వాలి? స్థానికంగా వ్యాపారం చాలనప్పుడు బయట వెతుక్కోక తప్పదు. వెతుక్కుంటూ ఐర్లండ్ రాజధాని డబ్లిన్ చేరింది.

బ్యాంకు అనుబంధ సంస్థ అక్కడ ‘ఆర్మండ్ కీ’ అనే నిధిని నడిపింది. ఆ నిధి గృహరుణాల మీద పుట్టిన దీర్ఘకాలిక బాండ్లను పెద్దయెత్తున కొనేది. అందుకు కావలసిన డబ్బును కొన్ని వారాల నుంచి కొన్ని నెలల గడువున్న రుణపత్రాలు, అంటే కమర్షియల్ పేపర్, అమ్మి తెచ్చేది. గడువు తీరిన పేపర్‌ను, కొత్త పేపర్ అమ్మి కట్టేది. రెండు వడ్డీల మధ్య మిగిలే సన్నని తేడాయే లాభం. తేడా అంత సన్ననిది కాబట్టి, చెప్పుకోదగ్గ లాభం రావాలంటే వందల కోట్లు తిప్పాలి. మరి రేపు పేపర్ కొనేవాళ్లే రాకపోతే? అప్పుడు డబ్బు మేమే ఇస్తామని బ్యాంకు ముందే రాసిచ్చింది. ఇలాంటి పూచీని ఏడాది లోపు గడువుతో రాసుకుంటూ పోతే, బ్యాంకుల మూలధనంపై అప్పటి అంతర్జాతీయ బాసెల్ నిబంధనల ప్రకారం దాని కోసం మూలధనం పైసా కూడా పక్కన పెట్టనక్కర్లేదు. అది బ్యాంకు ఆస్తి అప్పుల పట్టీలో కనిపించదు. బ్యాంకు వెనకున్న రాష్ట్రం బడ్జెట్‌లో అసలే కనిపించదు.

పైగా యూరోపియన్ యూనియన్‌తో కుదిరిన బ్రస్సెల్స్ ఒప్పందం ఇంకో ఎర వేసింది. లాండెస్‌బ్యాంకులకు రాష్ట్రాలిచ్చే పూచీ 2005 జూలైతో రద్దు కావాలి. కానీ 2001 నుంచి ఆలోపు తెచ్చిన అప్పులకు 2015 దాకా పూచీ చెల్లుతుంది. దాంతో చాలా లాండెస్‌బ్యాంకులు ఆ నాలుగేళ్లలో చవక అప్పు తెచ్చి నిల్వ చేసుకున్నాయి. తెచ్చిన డబ్బును ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

2007 ఆగస్టు 9న ఫ్రెంచ్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా మూడు ఫండ్ల నుంచి చెల్లింపులు ఆపేసింది. కమర్షియల్ పేపర్ కొనేవాళ్లు కనుమరుగయ్యారు. ఆగస్టు 17న జర్మన్ సేవింగ్స్ బ్యాంకుల సమూహం 1,730 కోట్ల యూరోల అప్పు ఏర్పాటు చేసి ఆర్మండ్ కీని నిలబెట్టింది. పది రోజులు తిరక్కుండానే సాక్సెన్‌ఎల్‌బిని స్టుట్‌గార్ట్‌లోని ఎల్‌బీబీడబ్ల్యూ అనే లాండెస్‌బ్యాంక్‌కు అమ్మేశారు. డిసెంబర్‌లో తేలిన అసలు షరతు ఏమిటంటే, నష్టాల్లో మొదటి 275 కోట్ల యూరోలకు పూచీ సాక్సనీదే. రాష్ట్ర జనాభా సుమారు 42 లక్షలు. పసిపిల్లలతో సహా తలకు 650 యూరోలు. పదిహేడేళ్లు పొదుపు చేసిన రాష్ట్రం మీద ఒక్క సంతకంతో పడిన భారం ఇది. ఆర్థిక మంత్రి హోర్స్ట్ మెట్స్ అంతకుముందే రాజీనామా చేశారు. 2008 మేలో మిల్‌బ్రాట్ కూడా తప్పుకొని, స్తానిస్లావ్ తిల్లిఖ్‌కు పదవి అప్పగించారు. మిల్‌బ్రాట్, ఆయన భార్య సాక్సెన్‌ఎల్‌బి నుంచే అప్పు తీసుకుని దాని ఫండ్లలో పెట్టుబడి పెట్టిన సంగతి చుట్టూ పత్రికలు చివరి వారాల్లో తిరిగాయి. నా దృష్టిలో అది పక్కదారి.

అందరు బ్యాంకర్లూ మునిగారు కదా, ఈయన ఒక్కరినే ఎందుకంటారని సమర్థకులు అడుగుతారు. నిజమే, బవేరియా కూడా 2008-09లో తన బ్యాంకుకు 1,000 కోట్ల యూరోలు పోసింది. కానీ బవేరియా పెద్ద రాష్ట్రం, సంపన్న రాష్ట్రం. సాక్సనీకి ఈ పందెం కాసే అవసరమే లేదు, ఆ తాహతూ లేదు. జనం ముందే హెచ్చరించారు కూడా. స్థానిక సేవింగ్స్ బ్యాంకులను లాండెస్‌బ్యాంక్‌తో ఒకే గొడుగు కిందికి తేవద్దని 2001 అక్టోబర్ ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో 85 శాతం మంది చెప్పారు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది వేరే ఉంది. ఇంత జరిగాక జర్మనీ నేర్చుకున్న పాఠమేమిటి? 2009లో అప్పులకు పగ్గం వేస్తూ రాజ్యాంగాన్ని సవరించింది. సాక్సనీ 2014 నుంచి కొత్త అప్పుపై తన రాజ్యాంగంలోనే నిషేధం రాసుకుంది. రెండూ అప్పునే లెక్కిస్తాయి. పూచీకత్తుకు చట్టం అనుమతి కావాలి, నిజమే, కానీ అది అప్పుగా మారి డబ్బు కట్టే రోజు వచ్చేదాకా పగ్గం దాని జోలికి పోదు. అంటే మిల్‌బ్రాట్ పొరపాటునే నియమంగా మార్చారు. అప్పు దారి మూసేస్తే, పూచీ దారిలో రద్దీ పెరుగుతుంది.

స్వీడన్ ఈ పని వేరేగా చేస్తుంది. ప్రభుత్వం పూచీ ఇచ్చే ముందు నష్టం ఎంత రావచ్చో అక్కడి జాతీయ రుణ కార్యాలయం అంచనా వేస్తుంది. ఆ అంచనాకు సరిపడా రుసుమును పూచీ పొందేవాళ్ల నుంచి వసూలు చేస్తుంది. ఆ రుసుము విడిగా ఒక ఖాతాలో జమవుతుంది, నష్టం వస్తే ముందు అందులోంచే కడతారు. ప్రభుత్వం ఆ రుసుము మాఫీ చేయాలనుకుంటే, అంత మొత్తాన్ని బడ్జెట్‌లో ఖర్చుగా చూపించాలి. 1992లో డ్రెస్డెన్‌లో ఈ పద్ధతే ఉండి ఉంటే, సొంత బ్యాంకు ఖరీదు ఏటా బడ్జెట్ పద్దుగా శాసనసభ ముందుకు వచ్చేది. ఆ అంకె చూసి మొదట ప్రశ్న వేసేది మిల్‌బ్రాటే.